పేపరు ఆలస్యం గురించీ, వచ్చే నెల నుంచి తీసుకోబోయే రుసుము గురించీ

మా ఏజెన్సీ ద్వారా తెనాలిలో పేపరు వేయించుకుంటున్న చందాదారులందరికీ నమస్కారం.

కొంతకాలంగా పేపరు ఏడు దాటాక వస్తోందని చాలామంది ఫోన్ చేస్తున్నారు. దయచేసి కుర్రాళ్లను ఏమీ అనవద్దని ముందుగా మనవి. మీలో ఎక్కువమంది చదివే ఒక దినపత్రిక యాజమాన్యం ఖర్చు తగ్గించుకోవడానికి రెండు రూట్ల వ్యాన్లను ఒకటి చేసింది. ఇదివరకు నాలుగింటికే బస్టాండు దగ్గర దిగే కట్టలు ఇప్పుడు ఊళ్లన్నీ తిరిగి, ఐదున్నర దాటితే గాని మా చేతికి రావడం లేదు. మిగతా పత్రికలను లెక్కపెట్టి, లైన్ల వారీగా సర్ది, సైకిళ్లకు కట్టుకున్న కుర్రాళ్లు ఆ ఒక్క కట్ట కోసం మూసి ఉన్న షాపుల అరుగుల మీద కూర్చుంటున్నారు. కాలేజీ బస్సు తప్పిపోతోందని ఇద్దరు మానేశారు కూడా. ఉన్నవి ముందు వేయించి, ఆ పత్రికను రెండో విడతగా పంపి చూశాము గాని, ఆ విడత కూలి కమీషన్‌ను మింగేసింది.

ప్రతుల పంపిణీ చూసే ఆ పత్రిక సర్క్యులేషన్ విభాగానికి ఉత్తరం రాస్తే వచ్చిన జవాబు ఆలస్యం కన్నా ఎక్కువ బాధించింది. "ఏడింటికి అందితే మాత్రం ఏమైందండీ, వార్తలన్నీ రాత్రే సెల్లులో చూసేస్తున్నారు కదా" అన్నారు అక్కడి అధికారి ఫోన్‌లో. పావుగంట ఆలస్యమైతే నాకు ఎన్ని ఫోన్లు వస్తాయో ఆయన ఒక్క పూట మా షాపులో కూర్చుంటే తెలిసేది.

మార్పు లేదని నేను అనను. 2020 లాక్‌డౌన్‌లో అపార్టుమెంట్ల గేట్లు మా కుర్రాళ్లకు మూసుకుపోయినప్పుడు పేపరు మానిన ఇళ్లలో చాలావాటికి అది మళ్లీ వెళ్లనే లేదు. ఆంధ్రభూమి అచ్చు ఆ ఏడాదే ఆగిపోయింది. 2021లో చతుర, విపుల మాసపత్రికలు కూడా ఆగాయి. అవి వేయించుకున్న ఇళ్ల జాబితా నా పుస్తకంలో ఇప్పటికీ కొట్టివేయలేదు. మానేసేవారిలో కొందరు పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో తెల్లవారకముందే వస్తోందంటారు. మరికొందరు, ఏ పత్రిక చూసినా ఒక పార్టీ కరపత్రంలా ఉందనీ, అసలు సంగతి తెలియాలంటే రెండు తెప్పించుకోవాలనీ అంటారు. ఈ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆక్స్‌ఫర్డ్‌లోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ సర్వేలలో మన దేశంలో వార్తలకు యూట్యూబ్, వాట్సాప్‌లే ముందున్నాయని మా అబ్బాయి చూపించాడు. కానీ ఆ సర్వేలు ఇంగ్లిషు వచ్చి, ఇంటర్నెట్ వాడేవారిని అడిగి చేసినవి. గంగానమ్మపేటలో అరుగు మీద కూర్చుని సంపాదకీయం పేజీ ముందు తీసే పెద్దలను అందులో ఎవరూ అడగలేదు.

ఇక రుసుము సంగతి. పత్రిక మీద అచ్చయిన ధర దాని తయారీ ఖర్చుకే చాలదు, లోటును ప్రకటనలు పూడుస్తాయి. మా కమీషనేమో ఆ అచ్చు ధర మీదనే లెక్క. ప్రకటనలు ఫోన్లలోకి తరలిపోయి, 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో న్యూస్‌ప్రింట్ ధర పెరిగాక, మిగిలిపోయిన ప్రతులను వెనక్కి తీసుకోవడంలో కూడా యాజమాన్యాలు బిగించాయి. ఒకటి రెండు ఇళ్లే ఉన్న వీధులను వదిలేస్తే గట్టెక్కుతావని తోటి ఏజెంట్లు చెప్పారు. ఆ వీధుల జాబితా రాసుకుని, మళ్లీ చించి, మళ్లీ రాసి ఎన్నో రాత్రులు గడిపాను. ఐతానగర్ చివర ఒకే ఒక్క ఇంటికి వెళ్లే లైను ఉంది. మిగతా అన్ని ఇళ్లూ మానేసినా ఆ ఇల్లు మానలేదు, అలాంటి ఇంటికి నేనే మానేయడం నావల్ల కాలేదు. అచ్చు ధర మీద పైసా ఎక్కువ తీసుకోకూడదన్నది మా నాన్నగారు పెట్టిన నియమం. వీధులను వదలడమా, నియమాన్ని వదలడమా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు నియమాన్నే వదిలాను.

వచ్చే నెల నుంచి దూరంతో నిమిత్తం లేకుండా ప్రతి ఇంటికీ నెలకు 30 రూపాయల రుసుము బిల్లులో విడిగా కనబడుతుంది. వద్దనుకున్నవారు షాపు దగ్గర అచ్చు ధరకే తీసుకోవచ్చు. మానదలచినవారు 25వ తేదీలోగా చెబితే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాము. ఆలస్యమవుతున్న ఆ పత్రిక వార్షిక చందా కడితే బహుమతి ఇస్తామని ప్రచారం చేస్తోంది. వ్యాను వేళ సరిచేసేదాకా ఆ స్కీము కింద మీ దగ్గర ఒక్క రూపాయి కూడా వసూలు చేయనని వారికి రాసి పంపాను.