వెన్ను వంకర తీసేస్తామనే యాడ్స్ గురించి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆపరేషన్ లేకుండా కొన్ని వారాల్లో వెన్ను వంకర తీసేస్తాం అని మీ జిల్లా పేజీలో యాడ్ వస్తా ఉంది, ఆటోల వెనకాల కూడా అదే. నేను తిరుపతిలో లేడీస్ టైలర్ని, నలభై దాటినాయి, నాకు స్కోలియోసిస్ ఉంది, అంటే వెన్ను పక్కకి వంగిపోవడం, ఎక్స్‌రేలో వంకర 32 డిగ్రీలు. అందుకే రాస్తున్నా.

ఎదుగుదల ఆగిపోయినాక బెల్టు కట్టినా, నూనె రుద్దినా, పటపటమని విరిచినా ఆ వంకర పోదండీ. ఎదిగే పిల్లలకి 25 నుంచి 40 డిగ్రీల దాకా ఉంటే డాక్టర్లు బ్రేస్ ఇస్తారు, ఒంటికి తొడిగే గట్టి పట్టీ లాంటిది, అది కూడా ఇంకా పెరక్కుండా ఆపేదానికే. మా చుట్టాలేమో పుత్తూరు కట్టు కట్టించుకోమంటారు, విరిగిన చేతులకి కాళ్ళకి ఆ కట్టుకి ఎంత పేరో మనవైపు చెప్పాల్సిన పనిలేదు, కానీ నాకు ఎముకేం విరగలేదు కదా, కట్టేదానికి ఏముంది?

నొప్పి మాత్రం ఇంట్లోనే చాలావరకు తగ్గించుకోవచ్చు. వంకర వల్ల ఒక పక్క కండరాలు ఎప్పుడూ లాగతా ఉంటాయి, మిషన్ మీద వంగి కూర్చుంటే సాయంత్రానికి నాకు కుడిపక్క పట్టేస్తుంది. అందుకని మిషన్ కింద చెక్కలు పెట్టి ఎత్తు చేయించా, మధ్యమధ్యలో లేచి కొంచేపు తిరుగుతా, బిందె చంకన పెట్టుకోవడం మానేసి రెండు చేతుల్లో రెండు చిన్న బకెట్లు మోస్తా. పొద్దున్నే వేడినీళ్ళ బ్యాగు, తర్వాత చేతులూ మోకాళ్ళ మీద ఉండి పిల్లిలాగా వీపు ఎత్తి దించడం, ఒక చెయ్యి, దానికి ఎదురు వైపు కాలు చాపి ఆపడం. ఇవి ఫిజియో దగ్గర నేర్చుకున్నవి, వంకర ఒక్కొక్కరికి ఒక్కో వైపు ఉంటుంది, యూట్యూబ్ చూసి చేస్తే కుదరదు. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని రోజూ మింగేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు, కడుపూ కిడ్నీలూ పాడవుతాయంటే వినరు. అలిపిరి మెట్లు 3550 ఎక్కగలవా అని అడుగుతారు, మెల్లగా ఎక్కతా, దిగేది మాత్రం బస్సులోనే! కాలు మొద్దుబారినా, బలం తగ్గినా, యూరిన్ కంట్రోల్ తప్పినా ఈ ఇంటి వైద్యాలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి పోవాల్సిందే, మనకి తిరుపతిలో ఎముకల ఆస్పత్రి బర్డ్ ఉంది, ప్రభుత్వాస్పత్రి రుయా ఉంది.

ఇంకో మాట. కొలతలు తీసేటప్పుడు పదకొండు పన్నెండేళ్ళ ఆడపిల్లల్లో ఒక్కోసారి ఒక భుజం ఎత్తుగా కనపడతుంది, పావడా సమానంగా కుట్టినా అంచు ఒక పక్క పైకే ఉంటుంది. తల్లికి చెప్తే బడిబ్యాగు బరువులే అక్కా అంటారు, బ్యాగు వల్ల ఇది రాదు, పదిమందిలో ఎనిమిది మందికి కారణమే తెలీదంట. పిల్లని కాళ్ళు దగ్గరపెట్టి, రెండు చేతులు కలిపి ముందుకి వంగమని వెనకనుంచి చూస్తే తెలిసిపోతుంది, వీపు ఒక పక్క పైకి లేచి కనపడితే ఎముకల డాక్టర్‌కి చూపించాలి. దీనికి పైసా ఖర్చు లేదు. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు దీన్ని బొమ్మతో సహా వెయ్యండి, ఆ యాడ్‌కి ఇచ్చినంత జాగా ఇస్తే చాలు.

ఇట్లు
ఒక టైలర్, తిరుపతి