‘గెలుపు గుర్రం’ లెక్క మనకెప్పుడు కుదిరింది?

సంపాదక మహాశయులకు,

జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) వార్డు టికెట్ల మాట వస్తే చాలు, ప్రతి పార్టీలోనూ రెండు వర్గాలు తయారవుతాయి. మొదటినుంచీ జెండా మోసినవాడికే ఇవ్వాలని ఒక వర్గం. సిద్ధాంతం తర్వాత, ముందు గెలిచేవాణ్ణి చూడండని రెండో వర్గం. చివరికి ఎక్కువగా రెండోవారి మాటే నెగ్గుతుంది. గెలిచేవాడెవరో ముందే తెలిసిపోతుందన్న ఆ నమ్మకం మీదే నా అభ్యంతరం.

మన ఊరి ఫలితాలే చూడండి. 2019లో విశాఖ లోక్‌సభ స్థానంలో టీడీపీ అభ్యర్థి శ్రీభరత్ 4,414 ఓట్లతో ఓడిపోయారు. 2024లో అదే శ్రీభరత్ 5,04,247 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. మనిషి మారలేదు, గుర్తు మారలేదు. పొత్తు మారింది, గాలి మారింది. గాజువాకలో 2019లో పవన్ కల్యాణ్ అంతటి జనాకర్షణ ఉన్న నాయకుడే 16,753 ఓట్లతో ఓడారు. అప్పుడు మూడో స్థానంలో మిగిలిన పల్లా శ్రీనివాసరావు అయిదేళ్లకు 95,235 ఓట్ల ఆధిక్యంతో, రాష్ట్రంలోకెల్లా పెద్ద మెజారిటీతో నెగ్గారు. గెలుపులో పెద్ద వాటా అభ్యర్థిది కాదు. అదంతా అభ్యర్థి ఖాతాలో వేసి, ఆ పేరుతో ఆయన గురించి అడగాల్సినవన్నీ అడగడం మానేస్తున్నాం.

టికెట్లు తేల్చే ఫోన్ సర్వేల సంగతి కూడా తెలిసి మాట్లాడాలి. వార్డులో 200 మందిని అడిగితే వచ్చే అంకె అటూ ఇటూ 7 శాతం దాకా తప్పొచ్చు. 400 మందిని అడిగినా 5 శాతం తేడా ఉంటుంది. ఒకరికి 34, మరొకరికి 30 వచ్చిందని మొదటివారికి టికెట్ ఇస్తే అది చీటీ తీసినట్టే. పైగా ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అన్నప్పుడు జనం చెప్పేది తమకు గుర్తున్న పేరు. కూడలి కూడలికీ ఫ్లెక్సీ కట్టినవాడు అందులో ముందుంటాడు. మధురవాడలో అద్దెకుంటూ గాజువాకలో ఓటున్నవాళ్లను ఆ లెక్క ఎక్కడ వేస్తుందో మరీ అయోమయం.

దానికంటే నమ్మదగిన కొలత ఒకటుంది. వార్డుకు 17, 18 పోలింగ్ కేంద్రాలుంటాయి. ఒక్కోదానికి ఒక ఏజెంటు, మధ్యలో మార్చడానికి ఇంకొకరు, అంటే దాదాపు 35 మంది కావాలి. టికెట్ అడిగేవారిని ఆ 35 పేర్లూ, ఓటరు జాబితాలో వాళ్ల వరుస సంఖ్యలూ రాసిమ్మనండి. అందులో పదిమందికి ఫోన్ చేసి ‘మీరు కూర్చుంటారా?’ అని అడగండి. డబ్బుకు కుదిరినవాళ్లు మధ్యాహ్నం భోజనాల వేళకు జారుకుంటారు, సొంత పేటవాళ్లు పెట్టెకు సీలు పడేదాకా కదలరు. ఈ కొలత జెండా మోసినవారికీ వర్తించాలి. పాతికేళ్లు పార్టీలో ఉండి కూడా 35 పేర్లు రాయలేకపోతే, ఆయన నిబద్ధత మీద ఎంత గౌరవమున్నా టికెట్ ఇవ్వకూడదు. చెప్పడానికి బాధగానే ఉంది. కానీ 2021 మార్చిలో, విశాఖ ఉక్కును అమ్మొద్దన్న ఉద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజుల్లో కూడా, ఆ పోరాటంలో ముందున్న సీపీఐ, సీపీఎంలకు 98 వార్డుల్లో దక్కింది చెరొక్కటే.

అలాగని సిద్ధాంతాన్ని గాలికొదిలితే ఏమవుతుందో కూడా ఆ కౌన్సిలే చూపించింది. వైఎస్సార్సీపీ 58 వార్డులు గెలిచి మేయర్ పీఠం ఎక్కింది. 2025 ఏప్రిల్ 19న ఆ మేయర్ మీద పెట్టిన అవిశ్వాసం నెగ్గడానికి 74 ఓట్లు కావాలి, సరిగ్గా 74 పడ్డాయి. ఎక్స్ అఫిషియో సభ్యులతో (పదవి రీత్యా ఓటుండే ఎమ్మెల్యేలు, ఎంపీల వంటివారితో) కలిపి సభ బలం 111. ఆ 58 మందీ ఉన్నచోటే ఉంటే ఎదుటి పక్షానికి 53కు మించి రావు. అంటే వాళ్లలో కొందరు గోడ దూకారన్నమాట. టికెట్ ఇచ్చినప్పుడు వాళ్లంతా గెలిచేవాళ్లే, గెలిచారు కూడా.

అందుకే అభ్యర్థిని అడగాల్సిన సిద్ధాంతం ముప్ఫై అంశాల పరీక్ష కానక్కర్లేదు. అంత పెద్ద పరీక్ష పెడితే పార్టీ ఆఫీసులో కూర్చునే నలుగురే మిగులుతారు. మూడు ప్రశ్నలు చాలు. 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఉక్కు కర్మాగారం అమ్మకానికి వ్యతిరేకంగా కౌన్సిల్‌లో చెయ్యెత్తుతారా? మూలధన విలువ (ఆస్తి ధర) మీద వేసే ఇంటి పన్నుపై మీ వైఖరి ఏమిటి? పార్టీ మారాలనిపిస్తే ముందు రాజీనామా చేస్తారా? జవాబులు బీ ఫారం (పార్టీ అభ్యర్థి అని ధ్రువీకరించే పత్రం) చేతికివ్వకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి, తర్వాతైతే పార్టీకి పట్టుండదు. ఈ కాగితానికి చట్టబలం లేదు. కానీ జనం చేతిలో ఉంటుంది.

లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో క్రిమినల్ కేసులున్నవారిని నిలబెడితే, ఎందుకు ఎంచుకున్నారో పార్టీ ప్రకటించాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 13న ఆదేశించింది. అర్హతలు, సాధించినవి, ప్రతిభ చెప్పాలి, ఉత్త గెలుపు అవకాశం కారణంగా చెల్లదని స్పష్టంగా అంది. ఎంపికైన 48 గంటల్లో సీ-7 ఫారంలో ఆ వివరాలు పత్రికలకెక్కాలి. వార్డు అభ్యర్థులందరి విషయంలోనూ ఆ పని స్వచ్ఛందంగా చేయకుండా పార్టీలను ఆపేవారెవరూ లేరు.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. నామినేషన్ల గడువు ముగిసిన మర్నాటినుంచి రోజుకు పది వార్డుల చొప్పున, ఈ మూడు ప్రశ్నలకు ప్రతి అభ్యర్థి ఇచ్చిన జవాబును విశాఖ పేజీలో అచ్చువేయండి. జవాబివ్వనివారి పేరు పక్కన ఖాళీ గడి వదలండి.

ఇట్లు,
ఒక ఓటరు,
మర్రిపాలెం, విశాఖపట్నం