షికాగోలో ఉన్న శ్రావణికి

హనుమకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా శ్రావణీ,

ఇక్కడ అందరం బాగున్నాము. రాజన్న కాక కోడలు శుక్రవారం బయలుదేరుతోంది. ఆమె చేతికి సకినాలు, మామిడికాయ తొక్కు, చపాట మిర్చి కారం ఇస్తున్నాము. సంచిలో కొంచెం జాగా మిగిలింది కాబట్టి ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను. వేరే విశేషం ఏమీ లేదు.

వానలు మొదలయ్యాయి. భద్రకాళి గుడిలో శాకంబరి అలంకారానికి అమ్మ పోయి వచ్చింది. అమ్మవారి ఒంటి నిండా కూరగాయలు, కాళ్ల దగ్గర జనం. తోపులాటలో చెప్పులు పోయాయి, దానికీ నన్నే అన్నది. వెనుక రేకుల షెడ్డు మళ్లీ కారుతోంది. లస్మక్క ఎప్పటిలాగే కిరాయి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. నీ ఫోన్ బాగుందా? మోగుతోంది కానీ ఎవరూ ఎత్తడం లేదు. చార్జర్ పాడైందేమో అని అమ్మకు నేనే చెప్పాను. మనకు పొద్దున పదకొండు అయితే నీకు రాత్రి పన్నెండున్నర అని తెలిసే మేము వేళ చూసుకొని చేస్తున్నాము.

కరీంనగర్ చిన్నమ్మ ఫోన్ చేసింది. చింటు స్టేటస్‌లో మీరు బేస్‌బాల్ మ్యాచ్‌కు పోయిన ఫోటోలు చూసిందట. మేము చూడలేదు, నువ్వు మాకు పెట్టలేదు కదా. ఆమే పంపించింది. బాగున్నాయి, ముందు ఆ మాట చెప్పాలి. నీలం టోపీ నీకు బాగుంది. కొంచెం చిక్కినట్టు కనిపించావు. చిన్నమ్మ ఒక ఫోటోను వేళ్లతో పెద్దది చేసి మరీ చూసిందట, నీ ముందున్న గ్లాసులో ఏముందో రంగును బట్టి ఆమెకు తెలిసిపోయిందట. ఏ గ్లాసులో ఏ రంగు ఉంటుందో ఆమె ఎక్కడ నేర్చుకుందో నేను అడగలేదు. పైనాపిల్ రసం అన్నాను.

అది పక్కన పెట్టు. బేస్‌బాల్ అంటే ఏమిటో నాకు తెలియదు కాబట్టి కూర్చుని చదివాను. రిటైరైన లెక్కల సారుకు అంతకన్నా పనేముంది? మీరు పోయిన రిగ్లీ ఫీల్డ్ 1914 నాటిదట. స్కోరు బోర్డు మీద అంకెలు ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారట, అది నాకు చాలా నచ్చింది. గోడకు అల్లుకున్న తీగలో బంతి ఇరుక్కుంటే ఫీల్డర్ చేతులు పైకెత్తి నిలబడతాడట, కొట్టినవాడికి రెండు బేస్‌లు (పరుగు కోసం దాటాల్సిన మజిలీలు) ఇచ్చేస్తారట. మన వాడలో బంతి కొమురయ్య ఇంట్లో పడితే అవుటు అనే చట్టం ఉండేది, అట్లాంటిదే అన్నమాట. ఇంకో సంగతి, 1988 దాకా ఆ గ్రౌండ్‌లో లైట్లే లేవట. అన్నీ పగటి మ్యాచ్‌లే. పగలు ఆడడం, పొద్దు ఉండగానే ఇల్లు చేరడం. ఎంత మంచి పద్ధతి! దానికి లైట్లు పెట్టాలని ఎవరికి తోచిందో.

ఆ గ్రౌండ్‌లో ఆడే మీ ఊరి కబ్స్ జట్టు 1908లో కప్పు గెలిచి, మళ్లీ 2016లో గెలిచిందట. మధ్యలో 108 ఏళ్లు. బంతి మీద కుట్లు కూడా 108 జతలే. అమ్మకు చెబితే, అష్టోత్తరమంత ఉందే, ఆ బంతి ఒకటి పంపమను, దేవుని అర్రలో పెడతా అన్నది. వద్దన్నాను. అది తోలు అని మాత్రమే చెప్పాను, ఏ తోలో చెప్పలేదు. అట్లాగే నువ్వు తింటున్న హాట్‌డాగ్ గురించి కూడా చదివాను. మీ ఊళ్లో దాని మీద కెచప్ వేస్తే తప్పు పడతారట, ఆవాల ముద్ద, ఉల్లిగడ్డ, టమాట, పచ్చిమిర్చి ఊరగాయ వేస్తారట. అంతవరకు బాగానే ఉంది. లోపలి ముక్క దేనిదో మాత్రం అమ్మకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు. చికెన్‌ది దొరికితే అది తిను. పిజ్జా ఫోటో కూడా చూశాను, కేకు అంత మందం ఉంది. అంత చీజ్ రాత్రి పూట అరగదు. నీకు చిన్నప్పటి నుంచీ గ్యాస్ ఉంది.

ఏడో ఇన్నింగ్స్ నడుమ అందరూ లేచి పాట పాడే వీడియో కూడా వచ్చింది. అంతమందిలో నీ గొంతు గుర్తుపట్టాను. సద్దుల బతుకమ్మ నాడు నోరు తెరవమంటే మీ అమ్మ కొంగు చాటుకు పోయేదానివి. ఆ ఆటలో టై ఉండదట, తేలేదాకా ఆడుతూనే ఉంటారట. అందుకే ఆలస్యమై ఉంటుందని అమ్మకు చెప్పాను. కానీ కబ్స్ గెలిచినప్పుడు ఎగరేసే డబ్ల్యూ జెండా నీ వెనుక ఎగురుతోంది, ఆ ఫోటోలో మీ మొహాల మీద ఇంకా ఎండ ఉంది. ఆఖరి ఫోటోలో, ఆ లైట్ల వీధిలో, గోడ గడియారం రాత్రి ఒకటీ నలభై చూపిస్తోంది. నేను వెతికి చూడలేదు, కనబడింది.

ఆట అంటే నాకు 1987 గుర్తుకొస్తుంది. క్రికెట్ ప్రపంచ కప్పు పోటీలు మన దేశంలో మొదటిసారి జరిగాయి. హైదరాబాద్ వంతుకు న్యూజిలాండ్, జింబాబ్వే మ్యాచ్ పడింది. అందరూ నవ్వారు, అది ఎవరు చూస్తారు అని. ముందురోజే మద్రాసులో మనవాళ్లు ఆస్ట్రేలియా చేతిలో ఒకే ఒక్క పరుగుతో ఓడిపోయారు, ఊరంతా మైల పట్టినట్టు ఉంది. యాకూబ్, కొమురన్న, నేను, మీ మేనమామ (అప్పటికి ఇంకా మేనమామ కాదు) రాత్రి రైలెక్కి పోయాము. రేపు రాత్రి బండికి వస్తామని ఇంట్లో చెప్పే పోయాము. లాల్ బహదూర్ స్టేడియంలో మాకు ఎండ వైపు సీట్లు. న్యూజిలాండ్ 242 కొట్టింది. జింబాబ్వే 104కి ఏడు వికెట్లు. యాకూబ్ లేచి, పోదాం పా, చార్మినార్ అన్నా చూద్దాం అన్నాడు. మీ మేనమామ కదలలేదు, పైసలు పెట్టినం, ఆఖరు బంతి దాకా కూసుంటా అన్నాడు. ఆయన పిసినారితనం వల్లే మేము జింబాబ్వే బ్యాట్స్‌మన్ హౌటన్ ఆట చూశాము. అబ్బ, ఏం ఆట బిడ్డా! బుచార్ట్ అనేవాడు తోడు నిలబడ్డాడు, ఇద్దరూ కలిసి 117 చేశారు. స్టేడియంలో ఉన్నవాళ్లంతా జింబాబ్వే వాళ్లైపోయారు. హౌటన్ 142 మీద ఉండగా ఇంకొకటి లేపాడు, మార్టిన్ క్రో వెనక్కి పరుగెత్తి పరుగెత్తి దూకి పట్టాడు. చివరికి మూడు పరుగులతో ఓడిపోయారు. తమది కాని దేశం కోసం కొమురన్న కండ్లు తుడుచుకున్నాడు.

ఇక అట్లా ఎట్లా ఇంటికి పోతాము? ఆబిడ్స్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, నాంపల్లిలో బిర్యానీ. ట్యాంక్‌బండ్ మీద నడిచాము, అప్పటికి చెరువు నడుమ బుద్ధుడు లేడు. ఎక్కాల్సిన బండి వెళ్లిపోయింది. నాంపల్లి స్టేషన్‌లో పేపర్లు పరుచుకొని పడుకున్నాము. తెల్లారి కాజీపేటలో దిగితే ప్లాట్‌ఫామ్ మీద మీ తాత. రాత్రే సైకిల్ మీద వచ్చి, సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చిన బండినల్లా చూస్తూ కూర్చున్నాడట. మమ్మల్ని చూసి, ఎవలు గెలిచిండ్రు అని అడిగాడు. సైకిల్ నడిపిస్తూ దారి పొడుగునా కొమురన్న చేత మ్యాచంతా చెప్పించుకున్నాడు. క్యాచ్ దగ్గర సైకిల్ ఆపి, మళ్లా చెప్పు అన్నాడు. తిట్లన్నీ మీ బాపమ్మ వంతుకు వచ్చాయి, ఆమె వాటిని దీపావళి దాటేదాకా సాగదీసింది.

ఇదంతా ఊరికే, ఆట గుర్తొచ్చి రాశాను. అయితే ఒకటి. అప్పుడు మా వాడలో ఫోన్ ఉన్న ఇల్లు లేదు. మీ తాతకు షికాగో నుంచి సమాచారం తెచ్చే చిన్నమ్మ లేదు. నీ జేబులో ఫోన్ ఉంది. "ఇల్లు చేరాను" అని రెండు మాటలు కొడితే అర నిమిషం పట్టదు. ఎక్కడికి పోయావు, ఎవరితో పోయావు అని నేను అడిగానా? అడగలేదు. నీ సంపాదన నీది, నీ బుద్ధి నీది. నీ సంగతి నీ నోటి నుంచి వింటే చిన్నమ్మకు జవాబు చెప్పడం నాకు తేలిక, అంతే. 

బ్లూస్ పాటలు వినడానికి పోయారని చింటు అన్నాడట. మిసిసిపీ వైపు పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లవాళ్లు రైలెక్కి షికాగో వచ్చారని, పాటను వెంట తెచ్చుకున్నారని, అక్కడ దానికి కరెంటు గిటార్ తోడైందని చదివాను. మన పత్తి రైతుల పాట్లు ఎనుమాముల మార్కెట్‌లో చూసినవాణ్ణి, ఆ పాటలో ఏముంటుందో కొంత ఊహించగలను. వినాల్సిన పాటే. పగటి పూట పాడరా అని మాత్రం అమ్మ అడుగుతోంది. మీ ఊళ్లో రెడ్ లైన్ రైలు తెల్లవార్లూ నడుస్తుందట, అది మంచి సౌకర్యమే. తెల్లవార్లూ నువ్వు అందులో ఉండాలని లేదు. ఎక్కినా ఖాళీ డబ్బాలో ఎక్కకు, మనుషులున్న డబ్బా చూసుకొని ఎక్కు. చెవుల్లో ఆ తెల్లవి పెట్టుకోకు. గ్లాసు, పైనాపిల్ రసమే అయినా సరే, టేబుల్ మీద వదిలి లేచిపోతే మళ్లీ ముట్టకు, కొత్తది తెప్పించుకో. పైసలు నేను పంపుతాను.

నీ పక్కన నిలబడ్డ కళ్లజోడు పిల్లవాడు మర్యాదస్తునిలాగే ఉన్నాడు. నిన్ను ఇంటి దాకా దింపింది అతనేనా అని ఊరికే అడుగుతున్నాను. వాళ్లది ఏ ఊరు అనేది అమ్మ ప్రశ్న.

తొక్కు సీసాకు రెండు కవర్లు చుట్టాను, అయినా నూనె కారితే కాక కోడలిని ఏమీ అనకు. సకినాలు ఒక్కసారే నీ రూమ్ వాళ్లకు పంచేయకు, పెద్ద డబ్బా వాళ్లకు, చిన్న డబ్బా నీకు. కారం డబ్బా మూత బిగుసుకుంటే వేడి నీళ్లలో పెట్టి తియ్యి, కత్తితో తియ్యకు. మంచి స్వెటర్ ఇప్పుడే కొనుక్కో, చలి మొదలైతే ధర పెరుగుతుంది.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదికి నేను, అమ్మ ఫోన్ దగ్గరే కూర్చుంటాము. నీకు అది శనివారం రాత్రి పదిన్నర అవుతుంది. ఆ రోజు మ్యాచ్ గనక ఉంటే తెల్లారి లేచాక చెయ్యి, ఫరవాలేదు. కానీ చెయ్యి.

మీ బాపు