అమ్మడూ, సంతకం పెట్టే ముందు

లిస్మోర్
న్యూ సౌత్ వేల్స్, ఆస్ట్రేలియా
ఆదివారం రాత్రి

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో నీ మీద గొంతు పెంచాను. పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఉద్యోగం వచ్చిందని నువ్వు సంబరంగా చెబితే, ముందు ఆ సంతోషం పంచుకోవాలి కదా. "గ్యాస్ కంపెనీలోనా?" అనేశాను. తప్పు నాదే. ఇంజనీరింగ్ పూర్తవకముందే ఆఫర్ లెటర్ చేతికి రావడం మాటలు కాదు. నాన్న పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి నీ పేరు చెప్పుకున్నారు.

కానీ నువ్వొక మాట అన్నావు. "మన పక్కనున్న బెంట్లీలో మీరంతా కలిసి గ్యాస్ తవ్వకుండా ఆపేశారు, ఇప్పుడు గ్యాస్ బిల్లు ఎక్కువొచ్చిందని మీరే బాధపడుతున్నారు" అని. దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

1995 జనవరి 8. సంక్రాంతి ఇంకో వారం ఉంది. నేను ఇంటర్ చదువుతున్నాను. మన కోనసీమలో, పాశర్లపూడిలో తవ్వుతున్న గ్యాస్ బావి పేలి మంటలు లేచాయి. మా ఊరు దానికి మరీ దగ్గరేం కాదు, అయినా రాత్రిళ్లు ఆకాశం అటువైపు ఎర్రగా కనబడేది. గాలి ఇటు తిరిగితే హోరు కూడా వినబడేది. 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. మా మేనత్త వాళ్లు పిల్లల్నీ గేదెనీ తోలుకుని మా ఇంటికొచ్చేశారు. ఆ పండక్కి మా వాకిట్లో ముగ్గు పడలేదు, వాకిలంతా వాళ్ల బిందెలూ మూటలే. మా తాతయ్యని అడిగాను, "ఊళ్ల మధ్య ఇలాంటివి తవ్వుతుంటే ఎవరూ వద్దనలేదా?" అని. ఆయన చుట్ట పక్కన పెట్టి, "మనల్ని అడిగితే కదే, అవుననో కాదనో చెప్పడానికి" అన్నారు.

ఆ మాట నాతోపాటే ఇక్కడిదాకా వచ్చింది.

మనం లిస్మోర్ వచ్చిన మూడేళ్లకి, 2012లో, ఒక శనివారం ఇద్దరు ఆడవాళ్లు తలుపు కొట్టారు. చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు. ఏదో అమ్మడానికొచ్చారనుకుని, వద్దని చెప్పబోయాను. వాళ్లు అడిగింది ఒకటే ప్రశ్న: మీ రోడ్డు గ్యాస్ బావులు లేని రోడ్డుగా ఉండాలని మీకుందా? ఉంది, లేదు, తెలియదు, ఏదైనా చెప్పొచ్చు. నాకు కంగారు పుట్టింది. "మేం అద్దెకుంటున్నాం, ఇంకా సిటిజన్లం కూడా కాదు" అన్నాను. అందులో పెద్దావిడ పెన్ను నా చేతికిచ్చి, "ఈ రోడ్డులోనే ఉంటున్నారుగా, చాలు" అంది. నువ్వు నా వెనకే నిలబడి చూస్తున్నావు. తర్వాత తెలిసింది, ఆవిడ మా ఆసుపత్రిలో, మా వార్డులోనే పనిచేసి రిటైరైన నర్సు అని.

ఆ ఇంటింటి సర్వే మొదలైంది పక్కనున్న ద చానన్ అనే చిన్న ఊళ్లో. అక్కణ్ణుంచి ఒక్కో రోడ్డూ, ఒక్కో ఊరూ పాకింది. దాదాపు ప్రతిచోటా నూటికి 95 మందికి పైగా, గ్యాస్ బావులు వద్దనే చెప్పారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కౌన్సిల్ ఎన్నికలతోపాటు లిస్మోర్‌లో జనాభిప్రాయం కూడా తీసుకున్నారు. 87 శాతం మంది కోల్ సీమ్ గ్యాస్, అంటే బొగ్గు పొరల్లోంచి తీసే గ్యాస్, వద్దన్నారు. పొలాల గేట్లకు ఆ పసుపు త్రికోణం బోర్డులు, 'లాక్ ద గేట్' అని రాసినవి, అప్పటికే వచ్చేశాయి. పేరు అలా ఉంది గానీ, గేటుకు తాళం వేసే హక్కు నిజానికి రైతుకు లేదు. పైన మట్టి రైతుది, అడుగున ఉన్న గ్యాస్ ప్రభుత్వానిది. ఈ ఒక్క విషయంలో కోనసీమకీ లిస్మోర్‌కీ తేడా లేదు.

గ్యాస్ సంగతి నీకంటే నాకు బాగా తెలుసనడం లేదు. నాకు అర్థమైనంత వరకు, బొగ్గు పొరలో గ్యాస్‌ని నీళ్ల ఒత్తిడి పట్టి ఉంచుతుంది. ఆ నీళ్లు తోడేస్తే గ్యాస్ వదులుతుంది. అలా తోడిన నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వాటిని శుభ్రం చేసినా ఆ ఉప్పు ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు. పక్క పొలం బోర్లలో నీళ్లు తగ్గితే రైతు ఎవరిని అడగాలి? క్వీన్స్‌లాండ్‌లో కంపెనీయే దాన్ని సరిచేయాలని చట్టం ఉంది. మంచిదే. కానీ బోరు ఎండిపోయాక సరిచేస్తామనడం వేరు, తవ్వకముందు అడగడం వేరు.

బెంట్లీకి వద్దాం. అక్కడ తవ్వాలనుకున్నది బొగ్గు పొరలో గ్యాస్ కాదు, ఇసుకరాయిలో ఉన్న గ్యాస్ అని కంపెనీ చెప్పింది. నువ్వు ఇదే పాయింట్ ఎత్తుతావని నాకు తెలుసు, అది నిజమే. జనం భయం ఏంటంటే, ఒక బావికి దారి ఇస్తే వెనకాల మిగతావన్నీ వస్తాయని. 2014లో నెలల తరబడి ఆ కొండ పక్క పొలంలో డేరాలు వేసుకుని ఉన్నారు. నిన్ను నాలుగైదు సార్లు తీసుకెళ్లాను. నీకప్పుడు పదకొండేళ్లు. తెల్లవారుజామున మంచు, చలి. కారు అద్దానికి ఆవిరి పడితే నువ్వు వేలితో త్రికోణం గీశావు. దిగి చూస్తే వందల కార్లు. తరతరాలుగా నేషనల్స్ పార్టీకే ఓటేసిన పశువుల రైతులూ, నింబిన్ కొండల్లోంచి వచ్చిన హిప్పీలూ, అక్కడి ఆదివాసులైన బుంజలుంగ్ పెద్దలూ ఒకే మంట చుట్టూ టీ తాగుతున్నారు. మామూలు రోజుల్లో ఆ రైతులకీ ఆ హిప్పీలకీ మాటలే ఉండవు. గడ్డి మీద మంచుకి నీ స్కూలు బూట్లు తడిసిపోతే, మా రిటైరైన నర్సు తన సంచిలోంచి పసుపు ఉన్ని మేజోళ్లు తీసి నీకు తొడిగింది. తను గ్యాస్ బావులు వద్దనే 'నిట్టింగ్ నానాస్' అనే గుంపులో మనిషి. ఎమ్మెల్యే ఆఫీసు ముందు కుర్చీలేసుకుని అల్లుకుంటూ కూర్చునేవాళ్లు. కేకలూ నినాదాలూ ఏమీ లేవు, చేతిలో అల్లికే. నానాస్ అంటే నానమ్మలేగా అని నువ్వు అడిగితే ఆవిడ నిన్ను దగ్గరకు తీసుకుంది. ఆ మేజోళ్లు ఇప్పటికీ నీ అలమరలో ఉన్నాయి.

ఎనిమిది వందల మంది దాకా పోలీసులు వస్తున్నారని వార్త వచ్చినప్పుడు మాత్రం నాకు భలే టెన్షన్ పట్టుకుంది. వీసా మీద ఉన్నవాళ్లం, కేసుల్లో ఇరుక్కుంటే ఏమవుతుందోనని నాన్న నన్ను వెళ్లొద్దన్నారు. ఆ వారం వెళ్లలేదు. అది ఇప్పటికీ నాకు కొంచెం నొప్పిగానే ఉంటుంది.

చివరికి పోలీసులు రాలేదు. మే 15న రాష్ట్ర ప్రభుత్వం ఆ బావి తవ్వే అనుమతిని సస్పెండ్ చేసింది. చూపించిన కారణం ఏంటో తెలుసా? స్థానిక ప్రజలతో సరిగా సంప్రదించలేదని. వార్త చదివి, వార్డులో మందుల ట్రాలీ పక్కనే నిలబడిపోయాను. మా తాతయ్య మాట ఒక ప్రభుత్వ నిర్ణయంలో కనబడింది నాకు.

తర్వాత 2015 ఏప్రిల్‌లో మన రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ సస్పెన్షన్ చెల్లదంది. అది కూడా నీకు చెప్పాలి, దాచకూడదు. అయితే అప్పటికే మార్చిలో రాష్ట్ర ఎన్నికలు జరిగిపోయాయి. ప్రభుత్వంలో భాగమైన నేషనల్స్ చేతిలో ముందునుంచీ ఉన్న బల్లీనా సీటు, గ్యాస్ బావులు వద్దనే గ్రీన్స్ పార్టీకి పోయింది. లిస్మోర్‌లో నేషనల్స్ కొద్దిలో గట్టెక్కారు. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వమే రెండున్నర కోట్ల డాలర్లిచ్చి కంపెనీ లైసెన్సులు వెనక్కి కొనేసింది. కోర్టు చెల్లదన్నదాన్ని ఓటు చెల్లేలా చేసిందని నేను నమ్ముతున్నాను.

బెంట్లీ గెలిచిన ఆరు వారాలకి, 2014 జూన్ 27న, మీ మావయ్య ఫోన్ చేశాడు. నగరం అనే ఊళ్లో తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలిందని. ఆ ఊరికీ పాశర్లపూడికీ ఎంతో దూరం లేదు. ఇళ్లు, కొబ్బరిచెట్లు, నిద్రలో ఉన్న మనుషులు. 20 మందికి పైగా పోయారు. గ్యాస్ వాసన వస్తోందని ఊళ్లో వాళ్లు ముందే చెప్పారని మీ మావయ్య అంటూనే ఏడ్చాడు. పైపు వేరు, బొగ్గు పొర వేరు, నాకు తెలుసు. చెబితే వినేవాళ్లు లేకపోవడం మాత్రం వేరు కాదు.

అన్నిచోట్లా బెంట్లీలా జరగదు. నారాబ్రై దగ్గర పిల్లిగా అడవిలో 850 బావుల ప్రాజెక్టుకి దాదాపు 23 వేల మంది రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పారు. నూటికి 98 మంది వద్దన్నారు. అయినా 2020లో షరతులతో అనుమతి వచ్చింది. అక్కడి ఆదివాసులు, గొమెరాయ్ వాళ్లు, ఆ తర్వాత కూడా కోర్టులో పోరాడారు.

ఇక బిల్లు సంగతి. క్వీన్స్‌లాండ్ బావుల్లోంచి తీసే గ్యాస్‌లో ఎక్కువ భాగం గ్లాడ్‌స్టోన్ దగ్గర ఓడలెక్కి విదేశాలకు పోతోంది. ఆ ఎగుమతి మొదలయ్యాకే ఇక్కడి ధర బయటి దేశాల ధరతో ముడిపడింది. బెంట్లీలో ఆ ఒక్క బావి తవ్వి ఉంటే మన వంటింటి బిల్లు తగ్గేదని నాకు నమ్మకం లేదు. నువ్వు లెక్కలు చూపించి కాదంటే వింటాను.

చేరొద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు అమ్మడూ. లోపల ఉండి అడిగేవాళ్లు కూడా కావాలని నాన్న అంటున్నారు, ఆయన మాటా కొట్టిపారేయలేను. కానీ ఆఫీసులో మ్యాప్ మీద నువ్వు చుక్క పెట్టేచోట ఎవరి గేటు ఉందో ఒకసారి చూశాక సంతకం పెట్టు.

వచ్చే నెల రెండో వారంలో నాకు వరసగా మూడు రోజులు ఆఫ్ ఉంది. నేను బ్రిస్బేన్ వస్తాను, అక్కణ్ణుంచి ఇద్దరం కారులో చించిల్లా, టారా వైపు వెళ్దాం. బావులున్న పొలాల వాళ్లు, గ్యాస్ వల్ల బాగుపడ్డామనేవాళ్లు, నష్టపోయామనేవాళ్లు, ఎవరు మాట్లాడితే వాళ్లతో మాట్లాడదాం. పెద్దావిడ కూడా వస్తానంది. 2022 వరదలో పడవ వేసుకుని మనింటి మెట్లదాకా వచ్చిందే, ఆవిడే. మోకాళ్లు నొప్పంటోంది గానీ, దారంతా అల్లుకుంటూ కూర్చుంటానంది. నీ కాలి సైజు ఎంతో అడిగింది. చెప్పు, ఫోన్‌లోనైనా సరే.

ముద్దులతో
అమ్మ