అద్దం మీద పగుళ్లు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇల్లు తగలబెట్టాడన్న కేసు, ముద్దాయి తరఫున నువ్వు. నేనేమో అగ్నిమాపక శాఖలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్రాసిక్యూషన్ సాక్షిగానే బోనెక్కినవాణ్ని. నీకు ఫోన్‌లో చెప్పలేకపోయింది ఒకటుంది, అందుకే రాస్తున్నాను.

చేరిన కొత్తలో ఒక కేసులో కిటికీ అద్దం ముక్క చేతికిచ్చి అడిగారు. దాని మీద సాలెగూడులా సన్నటి పగుళ్లు. "పెట్రోలు లాంటిది పోస్తే మంట ఒక్కసారిగా భగ్గుమంటుంది, ఆ వేడికి గాజు ఇలా పగులుతుంది" అని చెప్పాను. మా సీనియర్లు నేర్పిన పాఠం అది. అవతలి వకీలు ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ మనిషికి శిక్ష పడింది.

1991లో అమెరికాలో ఓక్లాండ్ కొండల్లో కార్చిచ్చు చెలరేగి ఇళ్లకు ఇళ్లే బూడిదయ్యాయి. తర్వాత పరిశోధకులు అక్కడ కాలిన 50 ఇళ్లను పరిశీలించారు. ఎవరూ పెట్రోలు పోయని ఇళ్లవి. అయినా కొన్నింట్లో అచ్చం అవే పగుళ్లు. ల్యాబులో గాజును ఎంత వేగంగా కాల్చినా అవి రాలేదట, కాలిన గాజు మీద నీళ్లు చల్లితే వచ్చాయి. వేడెక్కిన లాంతరు చిమ్నీ మీద చుక్క పడితే చిట్లుతుందే, అదీ సంగతి. ఆ రోజు నేను బోనులో చూపించిన పగుళ్లు మా గొట్టం నీళ్ల పనే అయివుండొచ్చు. అతను అంటించాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. నేను చెప్పిన కారణం మాత్రం తప్పు.

అందుకని "నువ్వు కాకపోతే మరెవరు అంటించారు?" అని నీ క్లయింటును అడుగుతూ కూర్చోకు. దొంగతనం కేసులో వస్తువు పోయిందన్నది ముందే తేలిపోతుంది. ఈ కేసుల్లో అసలు నేరం జరిగిందన్నదే చాలాసార్లు ఒక నిపుణుడి అభిప్రాయం. నువ్వు మొదట పట్టుకోవాల్సింది ఆ అభిప్రాయాన్నే.

రిపోర్టులో "నేల మీద ద్రవం పోసిన మచ్చలు" అని రాశారన్నావు. గదిలో మంట రేగితే పైకప్పు కింద వేడి పొగ పేరుకుపోతుంది. అది 500, 600 డిగ్రీలకు చేరగానే గదిలో ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి అంటుకుంటాయి. దాన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ తర్వాత నేల కూడా కాలుతుంది, మచ్చలు పడతాయి. 1990లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఒక ఇల్లు కాలి ఆరుగురు చనిపోతే, ఇంటాయన మీదే కేసు పెట్టారు. ప్రాసిక్యూషన్ పిలిపించిన నిప్పు దర్యాప్తు నిపుణుడు జాన్ లెంటిని బృందం, దాదాపు అలాగే ఉన్న పక్కింట్లో సోఫాకు నిప్పు పెట్టి చూసింది. నాలుగు నిమిషాలు దాటాయో లేదో గదంతా భగ్గుమంది. నేల మీద అవే మచ్చలు, పెట్రోలు చుక్క లేకుండా! కేసు ఎత్తేశారు. తమను పిలిచినవాళ్లకే ఎదురు చెప్పగలిగిన ఆ నిజాయితీ నాకు భలే నచ్చింది.

2005లో లాస్ వెగాస్‌లో ఇంకో పరీక్ష చేశారు. ఫ్లాష్‌ఓవర్ తర్వాత రెండు నిమిషాలు కాలనిచ్చి ఆర్పేసిన గదిని 53 మంది దర్యాప్తుదారులకు చూపించి, మంట ఏ మూల మొదలైందని అడిగారు. సరిగ్గా చెప్పింది ముగ్గురు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రాసిక్యూషన్ నిపుణుణ్ని అడుగు: గదిలో ఫ్లాష్‌ఓవర్ అయిందా? ఎంతసేపు కాలింది? ఏ తలుపు ఎప్పుడు తెరిచారు? చివరిదానికి జవాబు రిపోర్టులో దొరక్కపోవచ్చు, ముందుగా నీళ్లు కొట్టిన కుర్రాళ్లు చెబుతారు. వాళ్లను ఎవరూ అడగరు.

ల్యాబ్ సంగతి. వాసన పట్టడానికి తెచ్చిన కుక్క మొరిగింది, పెట్రోలు వాసన పట్టింది అంటారు. ల్యాబ్ నిర్ధారించకపోతే దానికి విలువ ఇవ్వకు. తివాచీ, ఫోమ్ కాలినా పెట్రోలియం పదార్థాలను పోలినవి పుడతాయి. అందుకే అదే తివాచీలో కాలని ముక్క కూడా పోల్చి చూడటానికి తీశారా అని అడగాలి. శాంపిల్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టారా, మామూలు సంచీలోనా? ఆ గదిలో కిరోసినుతో నడిచే వస్తువు ముందునుంచే ఉందా? "వేరే కారణం ఏదీ దొరకలేదు కాబట్టి అంటించారు" అన్న వాక్యం కనిపిస్తే ఎర్రసిరాతో గుండ్రం చుట్టు. నిప్పు దర్యాప్తుకు ప్రమాణంగా చూసే ఎన్‌ఎఫ్‌పీఏ 921 మార్గదర్శిని 2011 కూర్పు ఆ పద్ధతిని తప్పుబట్టింది.

నీ క్లయింటు ఏడవలేదని పక్కింటివాళ్లు చెప్పారన్నావు. టెక్సస్‌లో 1991లో ముగ్గురు చిన్నారులు మంటల్లో పోయిన కేసులో, ఇల్లు కాలుతుంటే తండ్రి కారును దూరంగా జరిపాడన్నది కూడా అతని మీద సాక్ష్యమైంది. కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ అతని పేరు. 2004లో మరణశిక్ష అమలు చేసేశారు. ఆ దర్యాప్తుకు శాస్త్రీయ ఆధారం లేదని, ఆ రాష్ట్ర ఫోరెన్సిక్ కమిషన్ నియమించిన నిపుణుడు క్రెయిగ్ బేలర్ 2009లో రాశాడు. అప్పటికి ఐదేళ్లు ఆలస్యం. దుఃఖం ఒక్కో మనిషిలో ఒక్కోలా ఉంటుంది, నేను చూసిన మంటల దగ్గర కొందరు నవ్వారు కూడా. మీవాణ్ని మాత్రం నువ్వు పక్కన లేకుండా ఎవరితోనూ మాట్లాడొద్దను. తడబడి రెండోసారి వేరేగా చెప్పినా అబద్ధం కిందే రాస్తారు.

ఒక్కటి మాత్రం రేపే చెయ్యి. శిథిలాలు తొలగించకుండా కోర్టు నుంచి ఆర్డరు తెచ్చుకో. వైర్లు, స్విచ్‌బోర్డు, మెయిన్ దగ్గర పడిపోయిన బ్రేకర్లు చెత్తబండి ఎక్కితే మళ్లీ దొరకవు. కావాలంటే నీతో వస్తాను, మోకాళ్లు ఇంకా వంగుతున్నాయి.

నా పాత నోటుబుక్కు కూడా పంపుతున్నాను. మడత పెట్టిన పేజీ ఆ కేసుది. "పగుళ్లు – పెట్రోలు" అని నా చేత్తో రాసి, కింద రెండు గీతలు కొట్టుకున్నాను. క్రాస్‌కు వెళ్లేముందు ఒకసారి తీసి చూసుకో.

నాన్న