పాత స్పీకర్లు కొనేటప్పుడు నా వెంట నిలిచినవారికి కృతజ్ఞతలు

మా నాన్నగారి పాత టేప్ డెక్కుకు (క్యాసెట్లు వినిపించే యంత్రానికి) కలపడానికి, ఇదివరకు ఎవరో వాడిన స్పీకర్ల జత ఒకటి కొనాలని ఉందనీ, ఏమి చూసి కొనాలో తెలియడం లేదనీ నెల రోజుల క్రితం నేను అడిగినప్పుడు, ముఖపరిచయం కూడా లేని నాకు ఓపికగా బదులిచ్చిన వారందరికీ పేరుపేరునా నమస్కరిస్తున్నాను. వారిలో ఇద్దరి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకరు సౌండ్ టెక్నీషియన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న విజయవాడ మాస్టారు. ఆయన ఫోనులోనే గంటల తరబడి నాకు పాఠం చెప్పారు. రెండవవారు హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు. మల్టీమీటరు (విద్యుత్ కొలతలు చూపే చిన్న పరికరం) జేబులో వేసుకొని రెండు ఆదివారాలు నాతో తిరిగాడు. పేర్లు రాయవద్దని ఇద్దరూ కోరినందువల్ల రాయడం లేదు.

నిజానికి వారు రంగంలోకి దిగేసరికే నేను ఒక పొరపాటు చేసి ఉన్నాను. 1980ల నాటి విదేశీ స్పీకర్ల జతను ఒకరి ఇంట్లో చూసి, ఆయన వినిపించిన పాటకు ముగ్ధుడినై, 22 వేలకు బేరం కుదుర్చుకొని 2 వేలు బయానా ఇచ్చి వచ్చాను. ఈ సంగతి విన్న మాస్టారు మొదట అడిగిన ప్రశ్న ధర గురించి కాదు, స్పీకరులో కదిలి ధ్వనిని పుట్టించే గరాటు లాంటి కోన్ చుట్టూ ఉన్న అంచు రబ్బరుదా, బట్టదా, ఫోమా అన్నది. స్పీకరు మీది జాలీ విప్పి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను.

ఆ కాలపు స్పీకర్లలో చాలావాటికి పాలీయురెథేన్ ఫోమ్ అంచు ఉంటుందనీ, గాలిలోని తేమకూ వేడికీ అది తనంతట తానే క్షీణిస్తుందనీ, స్పీకర్లను వాడకుండా మూల పెట్టినా పది పదిహేనేళ్లు దాటాక పొడిబారి రాలిపోవచ్చనీ, అందులోనూ కోస్తా ఊళ్లలో నుంచి వచ్చిన పెట్టెలైతే మరింత జాగ్రత్త అవసరమనీ ఆయన వివరించారు. వేలితో నొక్కి చూస్తే బలహీనమైన అంచు అక్కడికక్కడే చిరిగి, నష్టపరిహారం మన మెడకు చుట్టుకుంటుంది కాబట్టి ముందు టార్చి వెలుగులో కంటితో చూడాలనీ, ఆ తరువాత అమ్మేవారి అనుమతితో చిన్న తావున మాత్రమే తాకాలనీ హెచ్చరించారు. మరుసటి ఆదివారం తమ్ముడు జాలీ తీయించి టార్చి వేసినప్పుడు, దూరానికి నిగనిగలాడిన ఆ నల్లని అంచు మీద జిగురూ రంగూ కలిపి పూసిన గుర్తులు కనిపించాయి. తాకిన చోట అప్పడం ముక్కలా రాలింది.

అంచు కొత్తది వేయించుకోవచ్చు. దాని ఖరీదు పెద్దదేమీ కాదు. అయితే కోన్‌ను కదిలించే తీగచుట్ట అయిన వాయిస్ కాయిల్‌కూ అయస్కాంతానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొంత భాగమే కనుక, కొత్త అంచు అతికేటప్పుడు కోన్ సరిగ్గా మధ్యలో కుదరకపోతే కాయిల్ రాసుకుంటుంది. అందుచేత ఆ పని చేతినైపుణ్యం ఉన్నవారికే అప్పగించాలి. ఆ ఖర్చు తగ్గించి బేరం మళ్లీ మాట్లాడదామని నేను ఆశపడుతుండగానే రెండవ లోపం బయటపడింది.

మల్టీమీటరుతో కొలిస్తే రెండు పెట్టెలూ 6 ఓములకు కాస్త అటూ ఇటూ చూపించాయి. 8 ఓములదిగా పేర్కొనే స్పీకరుకు మీటరులో కనిపించే డీసీ నిరోధం (ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు) సాధారణంగా 5.5 నుంచి 7 వరకు ఉంటుంది కాబట్టి అంతా సవ్యంగా ఉందని నేను సంతోషించాను. ఆ కొలత లోతైన ధ్వనులు పలికే వూఫరుదే తప్ప సన్నని ధ్వనులు పలికే ట్వీటరుది కాదని, ట్వీటరుకు వెళ్లే దారిలో కెపాసిటర్ అనే భాగం ఉండడం వల్ల మీటరు నుంచి వచ్చే డీసీ దాన్ని దాటి వెళ్లదని తమ్ముడు చెప్పాడు. తరువాత ఒక్క పెట్టె మాత్రమే మోగేలా బ్యాలెన్సును పూర్తిగా ఒక పక్కకు తిప్పి, వార్తాపత్రికను గొట్టంలా చుట్టి ట్వీటరు దగ్గర ఒక కొస, చెవి దగ్గర ఒక కొస పెట్టి వినమన్నాడు. కుడి ట్వీటరులో నిశ్శబ్దం తప్ప ఏమీ లేదు! రెండు పెట్టెలూ కలిసి మోగినప్పుడు ఇది నాకు తెలియలేదెందుకని మాస్టారిని అడిగితే, "తెలిసిన పాటైతే లేని ధ్వనిని కూడా మనసే నింపుకుంటుంది బాబూ, అందుకే ఒక్కో పెట్టెను విడివిడిగా వినాలి" అన్నారు. ఆ బేరం వదులుకుంటే బయానా సగమే తిరిగి వచ్చింది. పోయిన సగాన్ని నేర్చుకున్న పాఠానికి ఫీజు కింద జమ వేసుకున్నాను.

రెండవ జత సికింద్రాబాదులో ఒక పెద్దాయన ఇంట్లో దొరికింది. రబ్బరు అంచు ఉన్న వూఫర్లు, గాలి చొరబడని మూసిన పెట్టెలు. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ద్వారా ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో, పెట్టెలోని గాలే కోన్‌కు స్ప్రింగులా పనిచేస్తుంది. కాబట్టి కోన్‌ను నాలుగు వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదిలితే, నిదానంగా వెనక్కి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోందని అనుమానించాలి. అలా నొక్కుతున్నప్పుడే చెవిని దానికి దగ్గరగా పెట్టి, కాయిల్ రాసుకుంటున్న గరగర ఏమైనా వినిపిస్తుందేమో చూసుకున్నాము. తరువాత 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీని క్షణకాలం తీగలకు తాకించాము. ప్లస్‌కు ప్లస్ కలిపినప్పుడు రెండు కోన్లూ బయటికే కదిలాయి. జేబీఎల్ అనే కంపెనీ పాత స్పీకర్లలో ఇది తలకిందులుగా ఉంటుందని, ముఖ్యమైన విషయం రెండూ ఒకే దిశలో కదలడమేనని మాస్టారు ముందే చెప్పి ఉండకపోతే, మంచి సరుకును కూడా ఎక్కడో ఒకచోట నేను వద్దనేవాడినేమో. చివరగా ఫోనులోని టోన్ జనరేటరుతో (కోరిన స్వరాన్ని పుట్టించే యాప్‌తో), వాల్యూము తగ్గించి ఉంచి, స్వరాన్ని 30 హెర్ట్జ్ నుంచి 200 హెర్ట్జ్ వరకు నెమ్మదిగా పెంచుతూ పోతే, ఎడమ పెట్టెలో ఒకచోట చిన్న బుర్రుమనే శబ్దం వచ్చింది. కాయిల్ పోయిందని నేను నీరుగారిపోయాను. తమ్ముడు వెనక ఉన్న ఒక వదులైన మరను బిగించాడు, శబ్దం ఆగిపోయింది.

ఇంత తతంగం జరుగుతున్నంతసేపూ విసుక్కోకుండా, "చూసుకోండి నాయనా, తరువాత బాధపడకూడదు" అంటూ టీ ఇచ్చి, స్క్రూడ్రైవరు కూడా తానే తెచ్చి ఇచ్చిన ఆ పెద్దాయనకూ నేను రుణపడి ఉన్నాను. ఒక ట్వీటరు గుమ్మటం మనవడి వేలు తగిలి సొట్టపడిందని అడగకముందే చెప్పి, ఆయనే వెయ్యి తగ్గించారు. 14,500కు జత మా ఇంటికి చేరింది. క్రాసోవరులోని (వూఫరుకూ ట్వీటరుకూ ధ్వనులను విడదీసి పంచే సర్క్యూటులోని) ఎలక్ట్రొలైటిక్ రకం కెపాసిటర్లు పాతబడి ఉంటాయన్న మాస్టారి మాట ప్రకారం, కోఠి గుజరాతీ గల్లీలో అదే మైక్రోఫారడ్ విలువ (కెపాసిటర్ సామర్థ్యం) ఉన్న, ప్లస్ మైనస్ తేడా లేని నాన్‌పోలార్ కెపాసిటర్లు తెచ్చి మార్పించాము. తాళాల శబ్దం పలచని తెర తొలగినట్టు స్పష్టపడింది.

మాస్టారూ, నాన్నగారి క్యాసెట్లలోని మొదటి నాదస్వర కచేరీ మొన్న రాత్రి మీకు ఫోనులో వినిపించబోతే, ఫోనులో ఏమి తెలుస్తుందంటూ కోప్పడ్డారు కదా. సంక్రాంతికి హైదరాబాదు వచ్చినప్పుడు మా ఇంట్లోనే కూర్చొని వినాలని మనవి. తమ్ముడూ, నీ మల్టీమీటరు మా టీవీ బల్ల సొరుగులోనే ఉండిపోయింది. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చి తీసుకువెళ్లు.