ఆ 72 గంటలు గడిచిపోకముందే

సంపాదకుల వారికి,

విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా మందుల దుకాణం నడుపుతున్నాను. ఈమధ్య ఒక రాత్రి దుకాణం మూసే వేళకు ఓ కుర్రాడు వచ్చి, అందరూ వెళ్లేదాకా పక్కన నిలబడి, మరో పురుషుడితో కలిసినప్పుడు కండోమ్ చిరిగిపోయిందని, ఇప్పుడేం చేయాలని అడిగాడు. అప్పటికి రెండు రోజులు దాటాయి. మొదటి రోజే ఒక ఆసుపత్రికి వెళితే, మందు సంగతి వదిలేసి ‘పెళ్లయిందా, ఇవేం పనులు’ అని నలుగురి ముందూ నిలదీయడంతో ఓపీ చీటీ బల్ల మీదే వదిలి వచ్చేశాడట.

హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎదురయ్యాక 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ శరీరంలో పాతుకుపోకుండా చాలావరకు ఆపవచ్చు. దీన్నే పెప్ అంటారు. విధుల్లో సూది గుచ్చుకున్న నర్సును ఎవరూ నడవడిక గురించి అడగరు. ఈ కుర్రాడు మాత్రం ఎందుకు సంజాయిషీ చెప్పుకోవాలి? తెలిసిన డాక్టరు ఒకరు ఆ రాత్రే మందు రాసివ్వబట్టి అతనికి గడువులోగా అందింది.

కండోమ్ చిరగడానికి కారణం కొబ్బరినూనె. నూనె తగిలితే రబ్బరు కండోమ్ బలం కోల్పోతుంది, నీటితో గానీ సిలికోన్‌తో గానీ చేసిన లూబ్రికెంటే (జారుడు జెల్) వాడాలి. మలద్వారం లోపలి పొర పలుచగా ఉండి తేలిగ్గా చిట్లుతుంది కాబట్టి ఆ సంపర్కంలో హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువ. ఇన్నేళ్లుగా కండోమ్‌లు అమ్ముతూ ఈ ముక్క నేనూ ఎవరికీ చెప్పలేదు, అందుకు బాధపడుతున్నాను.

పరస్పర అంగీకారంతో వయోజనులు ఏకాంతంలో కలవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. సమ్మతితోనే పరీక్ష చేయాలని, వివరాలు గోప్యంగా ఉంచాలని చెప్పే 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఆ నెలలోనే అమల్లోకి వచ్చింది. అయినా గే, బైసెక్సువల్ పురుషులు ఆసుపత్రి గడప తొక్కడానికి జంకుతున్నారు. వారిలో పెళ్లయినవారూ ఉంటారు, ఆ జంకు వారి భార్యలకూ ప్రమాదమే.

ముప్పు ఎదురుకాకముందే వాడే ప్రెప్ మాత్రలను ముప్పు ఎక్కువగా ఉన్నవారందరికీ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సూచించింది. హెచ్‌ఐవీ మందులను హైదరాబాద్ కంపెనీలు విదేశాలకు ఎగుమతి చేస్తున్నాయి. నా దుకాణంలో ప్రెప్ అడిగినవారిని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈ మాత్రలను సర్కారు దవాఖానాల్లో ఉచితంగా ఇవ్వాలి. ప్రతి జిల్లా ఆసుపత్రి అత్యవసర విభాగంలో రాత్రిళ్లు కూడా పెప్ మొదటి మోతాదు సిద్ధంగా ఉంచి, ఉచిత హెల్ప్‌లైన్ 1097 నంబరు కనిపించేలా బోర్డు పెట్టి, వచ్చినవారిని ‘ఎన్ని గంటలైంది’ అని ముందుగా అడగాలని అక్కడి సిబ్బందికి లిఖితపూర్వకంగా ఆదేశాలివ్వాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను.

– ఒక ఫార్మసిస్టు, విజయవాడ